సంతకాల బల్ల, మెన్షన్ల పెట్టె: కామిక్స్ క్రియేటర్లను చేరే రెండు దారుల మీద రివ్యూ

కామిక్స్ రాసేవాళ్లనీ గీసేవాళ్లనీ పాఠకుడు నేరుగా చేరుకోవాలంటే ఇవాళ రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి, అభిమానులూ క్రియేటర్లూ కలిసే కన్వెన్షన్లలో (వాడుకలో కాన్‌లు) ఆర్టిస్ట్ ఆలీ అని పిలిచే బల్లల వరస. రెండోది, ఎక్స్‌లోనో బ్లూస్కైలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పేరు ముందు ఎట్ గుర్తు పెట్టి మన మాటను తిన్నగా వాళ్ల ఫోన్‌లో పడేసే సౌకర్యం; మెన్షన్ల పెట్టె అంటున్నది దాన్నే. రెండూ చేసే పని ఒకటే: చదివినవాడి మాటను చేసినవాడి చెవిన వేయడం. అందుకే రెండింటినీ రెండు సేవలుగా పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. బల్లకి 5కి 4 మార్కులు. మెన్షన్ల పెట్టెకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా దాన్ని పద్ధతిగా వాడేవాళ్ల పుణ్యమే.

కాన్‌లలో తిరిగేవాళ్లందరికీ తెలిసిన దృశ్యం ఒకటుంది. వరసలో గంటసేపు నిలబడ్డ మనిషి తన వంతు వచ్చేసరికి నోరు తడారిపోయి, "మీ పుస్తకాలంటే నాకు చాలా ఇష్టమండీ" అని ఒక్క ముక్క చెప్పి, సంతకం తీసుకుని పక్కకి జరుగుతాడు. అదే క్రియేటర్ పేరు తెర మీద వెతికితే కనపడేది వేరు: బూతులు, శాపాలు, ఈ పని మానేసి పొమ్మనే సలహాలు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఒక్క సామెతతో తేల్చేయొచ్చు గానీ, దానివల్ల అసలు కారణం దొరకదు. బల్ల దగ్గర పాఠకుణ్ణి నెమ్మదింపజేసేవి నాలుగైదు ఉన్నాయి: వరస, ఖర్చు, ఎదురుగా ఉన్న ముఖం, వెనక నిలబడ్డవాళ్ల చూపు, చేతిలో ఉన్న పుస్తకం. మెన్షన్ల పెట్టెలో ఇవేవీ లేవు. లేకుండా చేయడమే దాని గొప్పగా అమ్ముడుపోయింది.

బల్ల ఎలా పనిచేస్తుంది

శాన్ డియేగో కామిక్-కాన్ 1970 ఆగస్టులో ఒక హోటల్లో మూడు రోజులు జరిగినప్పుడు వచ్చినవాళ్లు సుమారు 300 మంది. ఇప్పుడు అదే కాన్‌కి 1,30,000 మంది పైచిలుకు వస్తారు. జనం ఇంతగా పెరిగినా బల్ల మాత్రం బల్లే. ఆరడుగులో ఎనిమిదడుగులో పొడవు, మీద గుడ్డ, వెనక పేరున్న బ్యానర్, ముందు ప్రింట్లు, ఒక పక్కన ఒరిజినల్ పేజీలున్న పెద్ద పోర్ట్‌ఫోలియో.

ఆ పోర్ట్‌ఫోలియో దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మర్యాద చాలామందికి అక్కడే పుడుతుంది. అమెరికన్ కామిక్స్ పేజీని మామూలుగా 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తున్న అట్ట మీద గీస్తారు. అచ్చయ్యే పుస్తకం అంతకంటే బాగా చిన్నది. అట్టని దగ్గరగా చూస్తే నీలం పెన్సిల్ గీతలు, సిరా తప్పినచోట పూసిన తెల్లరంగు, అంచున రాసిన ఇష్యూ (సంచిక) నంబరు, పేజీ నంబరు కనపడతాయి. నలుపు నిండుగా నింపినచోట కుంచె ఏ దిక్కుకి వెళ్లిందో వెలుతురుకి ఏటవాలుగా పెడితే తెలుస్తుంది. నెలకొక ఇష్యూ, ఇష్యూకి 20 పేజీలు అంటే, రోజుకో పేజీ చొప్పున ఒక ఆర్టిస్టుకి సెలవులు పోను నెలంతా అదే పని. తెర మీద అదే పేజీ బొటనవేలితో ఒక్క తోపుకి పైకి వెళ్లిపోతుంది. రోజంతా పట్టిన పనిని చేత్తో పట్టుకున్నవాడు ఆ మనిషిని చెత్త అనడానికి జంకుతాడు. తెర మీద జంకడానికి పట్టుకునేదేమీ లేదు.

ఇక పద్ధతి. బల్ల మీద చిన్న బోర్డు ఉంటుంది, ముందు అది చదవాలి. ఎన్ని పుస్తకాల వరకు సంతకం ఉచితం, ఆ పైన ఒక్కోదానికి ఎంత, స్కెచ్ జాబితా ఇంకా తెరిచే ఉందా, కార్డు తీసుకుంటారా నగదేనా, అన్నీ దాని మీదే ఉంటాయి. రెండు మూడు పుస్తకాలు ఉచితం, తర్వాత రుసుము అనేది తరచూ కనపడే లెక్క. కొందరు మొదటి సంతకం నుంచే తీసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. చాలా కాన్‌లలో ఆర్టిస్టు తన బల్లకి తనే డబ్బు కట్టి కూర్చుంటాడు. ప్రయాణం, హోటల్ ఖర్చు దాని మీద. మూడు రోజుల్లో అది తిరిగి రావాలి. బల్ల ముందు ఇరవై నిమిషాలు కబుర్లతో నిలబడి, వెనకవాళ్లని ప్రింట్లు చూడనివ్వకపోవడం నిజంగా అతని జేబులోంచి తీసుకోవడమే. ఎవరైనా కొనడానికి వస్తే పక్కకి తప్పుకోండి. మాట తర్వాత కొనసాగించొచ్చు.

సంతకం దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, పుస్తకాన్ని పాడుచేసేవి మాత్రం అవే. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి వరసలో ఉండగానే తీసి పెట్టుకోవాలి. బల్ల దగ్గర హడావిడిగా లాగితే సంచి మూతకున్న టేపు కవరుకి అంటుకుని రంగు ఊడబెరుకుతుంది. కింద బ్యాకింగ్ బోర్డు అనే గట్టి అట్ట పెట్టి ఇవ్వాలి, లేకపోతే పెన్ను ఒత్తిడి లోపలి పేజీల మీద గుంటలా పడుతుంది. ముదురు రంగు కవరైతే వెండి రంగు పెయింట్ పెన్ను, లేత కవరైతే నల్ల మార్కరు. మీ పెన్ను మీరు తెచ్చుకుంటే ముందే ఊపి, చిత్తుకాగితం మీద గీసి చూడండి. పెయింట్ పెన్ను మొదటి గీతలోనే బొట్టు కక్కుతుంది, ఆ బొట్టు హీరో ముఖం మీద పడితే ఇద్దరికీ బాధే. మెరుపు కాగితం మీద మార్కరు వెంటనే ఆరదు. నల్లమార్కరుకి ఒకటి రెండు నిమిషాలు, వెండిదానికి ఇంకా ఎక్కువ ఇచ్చి అప్పుడు సంచిలో పెట్టండి. తడి మీద మూసేస్తే సంతకం సగం ప్లాస్టిక్‌కి పోతుంది.

స్కెచ్ కోసం ఖాళీ కవరుతో వచ్చే ప్రతులుంటాయి. వాటి మీద ఆల్కహాల్ మార్కర్లతో రంగు వేస్తే కవరు దాటి మొదటి పేజీలోకి ఇంకుతుంది. మధ్యలో మందపాటి కాగితం పెట్టి ఇవ్వడం మీ పని. స్కెచ్ అడిగేటప్పుడు ఏ పాత్ర, ముఖమా, నడుము వరకా, నిండు బొమ్మా అన్నది ముందే అనుకుని వెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నానికి జాబితాలు నిండిపోతాయి. శుక్రవారం తలుపులు తెరిచిన గంటలో వెళ్లినవాళ్లకి దొరుకుతుంది.

బల్ల దగ్గర కూడా మనిషి కనపడకుండా పోయే చోటొకటి ఉంది: తిరిగి అమ్మడానికి సంతకాలు చేయించేవాళ్లు. ఒకే ఇష్యూ ప్రతులు కట్టగా తెచ్చి, కళ్లెత్తి చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి జరుపుతారు. 2000లో మొదలైన సీజీసీ సంస్థ కామిక్స్‌కి వాటి స్థితిని బట్టి 0.5 నుంచి 10 వరకు గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తుంది. సంతకం చేస్తుండగా వాళ్ల సాక్షి పక్కన ఉండి చూస్తే పసుపు లేబుల్ వస్తుంది.  పసుపు లేబుల్ ఉన్న కాపీకి ధర పెరుగుతుంది. అందుకే చాలామంది క్రియేటర్లు సీజీసీకి వెళ్లే ప్రతులకు వేరే రుసుము పెడతారు, లేదా "ఫలానావారికి" అని పేరు రాసి సంతకం చేస్తారు. పేరు రాసిన ప్రతిని మళ్లీ అమ్మడం కష్టం. మీరు దాచుకోవడానికే తెచ్చుకుంటే పేరు రాయమని మీరే అడగండి. క్రియేటర్ భుజాలు అప్పటికప్పుడు తేలికపడటం కళ్లారా చూడొచ్చు.

మెన్షన్ల పెట్టె, దాని బిగింపులో ఉన్న లోపం

ఇప్పుడు రెండోది. ఎట్ గుర్తు పెట్టి ఒకరి పేరు రాస్తే ఆ పోస్టు వాళ్ల నోటిఫికేషన్లలోకి వెళుతుంది. మీరు మిత్రులతో మాట్లాడుకుంటున్నాననుకుని రాసినా, అది ఆ మనిషి భోజనం దగ్గరికి, పడకగదిలోకి వెళ్లిపోతుంది. మీరు రాసింది ఒక్కటే. ఆవైపు అలాంటివి వెయ్యి ఒకే గంటలో వచ్చి పడతాయి. తిట్టినవాడికి తన ఒక్క మాటే గుర్తుంటుంది, పడ్డవాడికి గుట్ట కనపడుతుంది. ఈ తేడాని పెట్టె ఎవరికీ చూపించదు. బల్ల దగ్గరైతే మీ ముందు ఎంతమంది ఉన్నారో, ఆ మనిషి ఎంత అలసిపోయాడో మీ కళ్లకే తెలుస్తుంది.

ఇతరుల పోస్టుకి మన మాట జోడించి మళ్లీ పెట్టే కోట్ పోస్ట్ ఇంకా చెడ్డది. జవాబు కిందికి పోతుంది, కోట్ మాత్రం మీ అనుచరులందరి ముందుకి వెళుతుంది. "ఈ పేజీ చూడండి ఎంత దరిద్రంగా ఉందో" అని 50 వేల మంది అనుచరులున్న ఖాతా కోట్ చేస్తే, అసలు పుస్తకం తెరవనివాళ్లు కూడా ఆ ఆర్టిస్టు మీదికి వెళతారు. 2017 నవంబరులో ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) పోస్టు హద్దుని 140 అక్షరాల నుంచి 280కి పెంచింది. దానివల్ల విమర్శ లోతు పెరగలేదు, తిట్టు పొడవు పెరిగింది.

చరిత్రలో ఉన్న సంఘటనలు చూస్తే ఈ లోపం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 2012 డిసెంబరులో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700వ ఇష్యూలో స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్ చనిపోతాడు, అతని శరీరంలో విలన్ డాక్టర్ ఆక్టోపస్ మిగులుతాడు. కథ ముందే బయటికి పొక్కింది. రచయిత డాన్ స్లాట్‌కి పుస్తకం దుకాణాల్లోకి రాకముందే చంపుతామని బెదిరింపులొచ్చాయి. 2014 ఏప్రిల్‌కల్లా పీటర్ తిరిగొచ్చాడు. 2016 మేలో కెప్టెన్ అమెరికా: స్టీవ్ రోజర్స్ మొదటి ఇష్యూ ఆఖరి పేజీలో కెప్టెన్ నోట "హెయిల్ హైడ్రా" అని, అతని శత్రువులైన దుష్టముఠాకి జై కొట్టించారు. రచయిత నిక్ స్పెన్సర్‌కీ అవే బెదిరింపులు. కాస్మిక్ క్యూబ్ అనే మాయావస్తువు శక్తితో విలన్ రెడ్ స్కల్ అతని గతాన్నే మార్చేశాడన్న సంగతి నెల తిరిగేసరికి రెండో ఇష్యూలోనే ఉంది.

ఆ నెల రోజుల సంగతి పాఠకులు గట్టిగా అర్థం చేసుకోవాలి. కొత్త కామిక్స్ దుకాణాలకొచ్చే బుధవారం మీ చేతికొచ్చిన ఇష్యూ నెలల కిందట రాసింది. ముందు స్క్రిప్టు, తర్వాత పెన్సిల్, సిరా, రంగు, అక్షరాలు, ఎడిటర్ చూపు, ప్రెస్సు. దుకాణాలకు సుమారు మూడు నెలల ముందే కవరు, కథాసారం ప్రకటిస్తారు. ఆర్డరు సవరించుకునే ఆఖరి గడువు విడుదలకి మూడు నాలుగు వారాల ముందు ముగుస్తుంది. అంటే ఇవాళ ఇష్యూ చదివి "దీన్ని వెంటనే మార్చు" అని ఎట్ గుర్తుతో రచయితని ట్యాగ్ చేసే సమయానికి తర్వాతి ఇష్యూ ప్రెస్సు దగ్గర ఉంటుంది, ఆ పైదాని పేజీలు బల్ల మీద ఉంటాయి. ఆ అరుపు వల్ల పేజీలో ఒక్క ప్యానెల్ (బొమ్మ గడి) కూడా మారదు. ఎడిటర్లు, ప్రచురణకర్తలు గట్టిగా గమనించేది దుకాణాల ఆర్డర్లని. నచ్చని పుస్తకాన్ని మీ నెలవారీ జాబితాలోంచి తీయించమని దుకాణదారుకి గడువులోపు చెప్పడం వంద ట్యాగులకంటే బలమైన విమర్శ.

కథ నచ్చకపోవడానికీ మనిషి మీద పడటానికీ మధ్య గీత ఎక్కడ చెరిగిపోతుందో మరో మూడు సంఘటనలు చూపిస్తాయి. 2016 అక్టోబరులో మాకింగ్‌బర్డ్ అనే సిరీస్ చివరి ఇష్యూ వచ్చింది. "నా ఫెమినిస్టు అజెండా గురించి అడగండి" అన్న మాటలున్న టీషర్టు వేసుకున్న హీరోయిన్ కవరు మీద ఉంది. రచయిత్రి చెల్సీ కెయిన్ మీదికి వచ్చిన వరద తట్టుకోలేక ఆవిడ ట్విట్టర్ వదిలేశారు. కవరు గీసింది జోయెల్ జోన్స్, కెయిన్ కాదు. తిట్టేవాళ్లలో ఎందరికి ఆ సంగతి పట్టింది? 2017 వేసవిలో ప్రచురణ సంస్థ మార్వెల్‌లో ఎడిటర్ హెదర్ ఆంటోస్ సహోద్యోగినులతో మిల్క్‌షేక్‌లు పట్టుకుని ఒక సెల్ఫీ పెట్టారు. అందులో కథ లేదు, పాత్ర లేదు, విమర్శించడానికి ఒక్క ప్యానెల్ లేదు. అయినా తిట్లు వచ్చాయి. తోటి క్రియేటర్లు తమ మిల్క్‌షేక్ ఫొటోలు పెట్టి ఆవిడ పక్కన నిలబడ్డారు. అది ఈ పెట్టెలో జరిగిన కొద్ది మంచి పనుల్లో ఒకటి.

మూడోది 2018 జులై. బ్యాట్‌మ్యాన్ 50వ ఇష్యూలో క్యాట్‌వుమన్‌తో పెళ్లి జరుగుతుందని నెలల తరబడి ప్రచారం చేసి, ఆఖరికి జరగలేదు. రచయిత టామ్ కింగ్‌కి బెదిరింపులొచ్చాయి. అదే నెల శాన్ డియేగోలో ఆయన వెంట అంగరక్షకుడు తిరగాల్సి వచ్చింది. నా దృష్టిలో మొత్తం విషయంలో బరువైన వివరం ఇదే. తెర మీద రాసింది తెర మీదే ఉండిపోతుందని రాసినవాడు అనుకుంటాడు. రెండు మీటర్ల దూరంలో, సంతకం కోసం పుస్తకం చాచిన ప్రతి చేతినీ ఒకరు అనుమానంగా చూడాల్సి వచ్చింది. ఆ వరసలో నిలబడ్డ పాఠకుల్లో ఎక్కువమంది ఏ తప్పూ చేయనివాళ్లు. మెన్షన్ల పెట్టె ఖర్చు బల్ల దగ్గర చెల్లించాల్సి వచ్చింది, అదీ ఇతరులు.

పాతకాలపు ఉత్తరాల పేజీతో పోల్చకుండా ఈ భాగం ముగించలేను. 1960లలో మార్వెల్, డీసీ పుస్తకాల చివర పాఠకుల ఉత్తరాలు వేసేవారు. తిట్లు అప్పుడూ ఉన్నాయి, పొరపాట్లు ఏరి ఎత్తిచూపేవాళ్లు మరీ ఎక్కువ. కానీ స్టాంపు అంటించాలి, పేరు రాయాలి, ఎడిటర్ చదివి ఎంచాలి, అచ్చులో కనపడటానికి నెలలు ఆగాలి. అలా ఉత్తరాలు రాసిన కుర్రాడు రాయ్ థామస్ 1972లో మార్వెల్ ఎడిటర్-ఇన్-చీఫ్ అయ్యాడు. మధ్యలో ఒక ఎడిటర్ ఉండటం వల్ల కోపం వడకట్టుకుని వాదన మిగిలేది. ఇవాళ ఆ వడపోత పని క్రియేటరే తన ఫోన్‌లో, తన ఖాళీ సమయంలో చేసుకోవాలి.

పరికరాలు కొన్ని వచ్చాయి. 2020 ఆగస్టులో ట్విట్టర్ పోస్టుకి ఎవరు జవాబివ్వొచ్చో నిర్ణయించుకునే వీలిచ్చింది. 2024 ఆగస్టులో బ్లూస్కై మన పోస్టుని ఇతరుల కోట్‌లోంచి విడదీసే సౌకర్యం పెట్టింది. నాకు తెలిసినంతలో ఈ జబ్బుకి సరిగ్గా సరిపోయే మందు అదే. ఎక్స్ మాత్రం 2024 నవంబరు నుంచి, బ్లాక్ చేసిన మనిషి కూడా మన బహిరంగ పోస్టులు చదవగలిగేలా మార్చింది. అంటే అక్కడ బ్లాక్ అనేది తలుపు మూయడం కాదు, కిటికీలోంచి చూస్తూ ఉండనివ్వడం. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ఆర్టిస్టులు ఎక్కువమంది చేసేది కనపడకుండా దాచాల్సిన మ్యూట్ పదాల జాబితా పెట్టుకోవడం, తమని అనుసరించని ఖాతాల నోటిఫికేషన్లు ఆపేయడం. విడుదల రోజున ఫోన్‌లోంచి యాప్ తీసేయడం ఇంకా మేలు.

బల్లకి ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గింది

బల్ల దగ్గర అంతా సవ్యంగా ఉందని చెబితే అబద్ధం. మొదటి లోటు, అక్కడ నిజం తక్కువ వినపడుతుంది. నచ్చనివాళ్లు రారు, వచ్చినవాళ్లు మొహమాటపడతారు. మూడు రోజులు పొగడ్తలు విని ఇంటికెళ్లిన ఆర్టిస్టుకి, రెండో ప్యానెల్ నుంచి మూడో ప్యానెల్‌కి కన్ను సరిగ్గా వెళ్లడం లేదన్న సంగతి ఎవరూ చెప్పరు. ఆ పనికి మంచి రివ్యూలే కావాలి. మంచి రివ్యూ పుట్టేది తెర మీదే.

రెండో లోటు, ముఖం ఎదురుగా ఉన్నా మర్యాద అందరికీ సమానంగా దక్కదు. బల్ల వెనక మహిళ కూర్చుంటే "ఇవి గీసింది ఎవరు?" అని పక్కనున్న మగవాణ్ణి చూసి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫొటో అంటూ భుజం మీద చెయ్యి వేయడం, బల్ల వెనక్కి వచ్చేయడం వినపడుతూనే ఉంటాయి. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్, పాత్రల వేషాలు (కాస్‌ప్లే) వేసుకొచ్చేవాళ్ల కోసం "కాస్‌ప్లే అంటే అనుమతి కాదు" అని పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టాల్సి వచ్చిందంటే, ఎదురెదురుగా కలవడం ఒక్కటే మనిషిని మార్చేయదని ఒప్పుకోవాలి. ఫొటోకి ముందు అడగండి. బల్లకి మీవైపే నిలబడండి. ఆర్టిస్టు తలెత్తకుండా గీస్తుంటే అది అహంకారం కాదు, కమిషన్ (అంటే డబ్బు తీసుకుని ఒప్పుకున్న బొమ్మ) గడువు.

క్రియేటర్లు వేదిక మీద కూర్చుని మాట్లాడే ప్యానెల్ చర్చల్లో మైకు దగ్గర ఇంకో చిక్కు. అక్కడ వరస ఉంది, ముఖం ఉంది, కానీ మైకు చేతికి రాగానే కొందరికి అది తెరలా మారిపోతుంది. ప్రశ్న ఒక్క వాక్యం ఉండాలి, ప్రశ్నార్థకంతో ముగియాలి. ఆ రెండు కొలతలు దాటితే సభలో అందరి సమయం పోతుంది.

పెట్టెని వాడక తప్పదనుకుంటే

కాన్‌కి టికెట్టు, ప్రయాణం అందరికీ అందేవి కావు. చాలామంది పాఠకులకి తెర ఒక్కటే దారి, దాన్ని మూసేయమనడం న్యాయం కాదు. పద్ధతి మారిస్తే చాలు. నచ్చని ఇష్యూ గురించి ఎంత కటువుగానైనా రాయండి, క్రియేటర్ పేరు మామూలు అక్షరాల్లో రాయండి, ఎట్ గుర్తు మాత్రం పెట్టొద్దు. వెతుక్కుని చదవాలనుకుంటే వాళ్లే వెతుక్కుంటారు. ట్యాగ్ లేని రివ్యూ తోటి పాఠకులకి రాసిన రివ్యూ అవుతుంది, ట్యాగ్ ఉన్నది గుమ్మం కొట్టి చెప్పిన మాట అవుతుంది. మీరు ట్యాగ్ చేయకపోయినా కింద ఎవరో చేస్తారు. ఆ ట్యాగుని తీసి జవాబివ్వడం కూడా మీ వంతే.

రాసేముందు క్రెడిట్ల పెట్టె చూడండి. రచయిత, పెన్సిలర్, ఇంకర్, కలరిస్ట్, లెటరర్, ఎడిటర్ అని పేర్లు విడివిడిగా ఉంటాయి. ముఖాలు మట్టిరంగులో ఉన్నాయని పెన్సిలర్‌ని అనడం, కథ తిరిగిన మలుపుకి వేరియంట్ కవరు (అదే ఇష్యూకి వేరే బొమ్మతో వచ్చే కవరు) గీసినవాణ్ణి అనడం రోజూ కనపడే తప్పులు. సూపర్‌హీరో పుస్తకాల్లో పాత్ర కంపెనీది, పెద్ద మలుపులు ఎడిటర్ల గదిలో ఖాయమవుతాయి. రచయిత పేరు పైనున్నంత మాత్రాన ప్రతి నిర్ణయం అతనిది కాదు. ప్రివ్యూగా వదిలిన నాలుగైదు పేజీలు చూసి మొత్తం ఇష్యూ మీద తీర్పు రాయొద్దు, దొంగతనంగా బయటికొచ్చిన ఒక్క పేజీ చూసి అసలే రాయొద్దు. స్పెన్సర్ విషయంలో ఒక్క పేజీ ఎంత దూరం వెళ్లిందో పైన చూశాం.

ట్యాగ్ ఎప్పుడు పెట్టాలంటే, మెచ్చుకునేటప్పుడు. అది కూడా వివరంగా. "అదిరింది" అన్నది చదివినవాడి చేతిలో ఏమీ మిగల్చదు. "14వ పేజీలో వానని గీతలతో కాకుండా ఖాళీ వదిలి చూపించడం నచ్చింది" అన్నది ఆ ఆర్టిస్టు నెల రోజులు మోసుకు తిరిగే మాట. పేజీ ఫొటో పెడితే ఒకటో రెండో చాలు, ఆఖరి మలుపు పెట్టొద్దు, పెన్సిలర్‌తో పాటు కలరిస్ట్, లెటరర్ పేర్లూ రాయండి. కమిషన్ ధరల్లాంటివి మెన్షన్‌లో అడగకుండా వాళ్లు ఇచ్చిన ఈమెయిల్‌కి రాయండి. జవాబు రాకపోతే గుర్తుచేయడం ఒక్కసారితో ఆపండి.

ఏ కాన్‌కి వెళ్లాలన్నదానికి నా సలహా సూటిగా: క్రియేటర్లతో మాట్లాడటమే మీ ఉద్దేశమైతే పెద్ద కాన్‌లు వద్దు. శాన్ డియేగోలో సినిమాల హాలు వరసలే రోజంతా తినేస్తాయి. 1982 నుంచి అమెరికాలోని షార్లట్‌లో జరుగుతున్న హీరోస్‌కాన్, 2000లో మొదలైన బాల్టిమోర్ కామిక్-కాన్ కామిక్స్ చుట్టూనే తిరుగుతాయి. సొంతంగా అచ్చు వేసుకునేవాళ్ల పుస్తకాలు కావాలంటే మేరీలాండ్‌లో జరిగే స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో. హీరో ఇనిషియేటివ్ బల్ల ఎక్కడ కనపడినా అక్కడ సంతకం తీసుకోండి. పెన్షన్, బీమా లేకుండా పని చేసి ముసలివాళ్లైన కామిక్స్ క్రియేటర్ల వైద్యఖర్చులకీ అవసరాలకీ ఆ డబ్బు వెళుతుంది.

చివరిగా, వరసల గురించి. పేరున్న రచయిత ముందు రెండు గంటల వరస ఉన్న సమయంలోనే, అదే పుస్తకానికి రంగులు వేసిన కలరిస్టో, మాటల బుడగలు అమర్చిన లెటరరో నాలుగు బల్లల అవతల ఖాళీగా కూర్చుని ఉంటారు. తెర మీద వాళ్లని ఎవరూ ట్యాగ్ చేయరు, పొగడ్తకీ తిట్టుకీ కూడా. ఆ ఇష్యూని అక్కడికి తీసుకెళ్లి, మీకు నచ్చిన పేజీ తెరిచి చూపించండి. ఆ రంగు అలా ఎందుకు వేశారో, ఆ బుడగని ఆ మూలకే ఎందుకు నెట్టారో అడగండి. కుర్చీ ముందుకు లాక్కుని, పేజీ మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెడతారు.